మానవసేవాసంస్థలలో ఉద్యోగధర్మము
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)

 

మన మహాసభలలో విద్యను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ప్రసంగములు జరుగుట పరిపాటి. ఈ వత్సరము మన యువజనులలో కొందరు విదేశములందలి పెద్ద మానవసేవాసంస్థలలో చేరగోరుచున్నారనియు, ఆ కొలువెట్టిదో వివరింపవలసినదనియు కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను బడిపంతులనే కాని యుద్ధరంగమును చూచినవాడను కాను. అయినను ఆ సంస్థల చరిత్రమును శ్రద్ధతో చదివితిని గనుక, వానిలో ప్రాచీనమగు రెడ్ క్రాసును ముఖ్యోదాహరణముగా గైకొని నాలుగుమాటలు మనవిచేసెదను.

1859 జూన్ 24వ తేదీని ఇటలీదేశమున సోల్ఫెరీనో వద్ద ఘోరసంగ్రామము జరిగెను. స్వకార్యార్థమై అటు పోయిన జెనీవా వర్తకుడు హెన్రీ డ్యూనాంట్ క్షతగాత్రుల దురవస్థ చూచి, సమీపమందలి కాస్టిల్యోనె పట్టణస్త్రీలతో గూడి, ఏ పక్షమువారని యెంచక శుశ్రూష చేసెను. 1862లో ఆ యనుభవమును గ్రంథముగా ప్రకటించెను. 1863లో జెనీవాయందు ఐదుగురు సభ్యులతో ఒక కమిటీ యేర్పడెను. అదియే నేటి అంతర్జాతీయ రెడ్ క్రాసు కమిటీ. మన పాఠశాలలలో జూనియర్ రెడ్ క్రాసు రూపమున పిల్లలెరిగినది 1920 నాటి శాసనముచే నేర్పడిన భారత రెడ్ క్రాసు సొసైటీ. రెండును ఒకే కుటుంబములోనివైనను వేర్వేరు సంస్థలు. నేను చెప్పబోవునది జెనీవా కమిటీ కొలువును గూర్చి.

ఆ కొలువనగానే బాంబులనడుమ పరుగిడుట మీ మనస్సునకు దోచును. నిజమునకు దినచర్యలో అధికభాగము జాబితాలు, లెక్కలు, అనుమతిపత్రములు, ద్వారములకడ నిరీక్షణము. 1914లో మహాయుద్ధము ప్రారంభమైనపుడు, తప్పిపోయిన సైనికుల జాడ దీయుటకు జెనీవాలో ఒక కార్యాలయము తెరువబడెను. ఫ్రెంచి మహారచయిత రోమా రోలా అచట స్వచ్ఛందముగా గుమాస్తాపని చేసెను. కొడుకేమయ్యెనో యని తల్లి వ్రాసిన యుత్తరమునకు ప్రత్యుత్తరము పంపుటయే ఆ పని. పేరులో ఒక అక్షరము తప్పినచో ఒక యింటి ఆశ తప్పిపోవును. చిన్నపనియందు శ్రద్ధలేనివానికి ఆ కొలువు తగదు.

ఇక చెరసాలల దర్శనము. ఈ కమిటీ ప్రతినిధులు ప్రభుత్వములతో ముందుగా కొన్ని నియమములు మాటాడుకొందురు. బందీలనందరను చూడనీయవలెను, వారితో ఏకాంతమున మాటాడనీయవలెను, పేరులు వ్రాసికొననీయవలెను, మరల వచ్చి చూడనీయవలెను. వారు చూచిన దోషములను ఆ ప్రభుత్వమునకే రహస్యముగా నివేదింతురు, పత్రికలవారికి చెప్పరు. నిన్న కన్నీటితో చూచినదానిని నేడు మిత్రునకైనను చెప్పరాదు. ఇది సామాన్యవ్రతము కాదు.

వారి నియమములలో తాటస్థ్యమొకటి. తటస్థుడనగా ఒడ్డున నున్నవాడని శబ్దార్థము. ఈ సేవకుడు మాత్రము ఒడ్డున నుండడు. ప్రవాహమధ్యముననే నిలిచి, ఉభయతటములను సమానముగా చూడవలెను. ఇరుపక్షములవారును వానిని శంకింతురు. సంస్కృతమున దయకు అనుక్రోశమని యొక పేరు గలదు. ఒకని యార్తికి తోడుగా మొరపెట్టుట యను భావము అందులో నిమిడియున్నది. మొరపెట్టని దయ దయయగునా? ఈ ప్రశ్న ఆ సంస్థను మిక్కిలి బాధించినది. 1942 అక్టోబరులో, ఐరోపాలో యూదుల సంహారము సాగుచుండగా, బహిరంగవిజ్ఞప్తి చేయుదమాయని కమిటీ చర్చించి, మౌనమునే నిశ్చయించెను. అది తమ వైఫల్యమని పిదప ఆ సంస్థయే అంగీకరించినది. 1967 మొదలు 1970 వరకు జరిగిన నైజీరియా అంతర్యుద్ధమున రెడ్ క్రాసు పక్షమున పనిచేసిన ఫ్రెంచివైద్యులు కొందరు ఈ మౌనమును సహింపక, పాత్రికేయులతో గలసి 1971లో "సరిహద్దులులేని వైద్యులు" అను సంస్థను స్థాపించిరి. వారు నోరు విప్పిరి. 1985లో ఇథియోపియా ప్రభుత్వము ప్రజలను బలవంతముగా తరలించుటను ఖండించినందున ఆ దేశమునుండి వెడలగొట్టబడిరి. వారి రోగులు వైద్యము కోల్పోయిరి. మాటాడినను మూల్యము గలదు, మౌనమునకును మూల్యము గలదు. ఏదో యొక మూల్యము చెల్లింప సిద్ధపడియే ఆ వాకిట అడుగిడవలెను.

ప్రాణభయమును దాచను. 1996 డిసెంబరు 17వ తేదీని చెచెన్యాలోని నొవ్యె అతాగి వైద్యశాలలో, నిద్రించుచున్న రెడ్ క్రాసు సేవకులారుగురు కాల్చి చంపబడిరి. అయితే ఇట్టి సంస్థలలో మృతినొందువారిలో అధికులు విదేశీయులు కారు. ఆ యా దేశములవారే. విదేశీయుడు గడువు తీరగానే స్వదేశమున కేగును. స్థానికుని యిల్లు అచటనే యుండును. జీతము స్థిరమనుకొనుటయు భ్రమయే. దాతల ధనము తగ్గుటచే 2023లో ఈ కమిటీ ప్రపంచమంతట సుమారు 1,800 ఉద్యోగములను తగ్గింప నిశ్చయించినది. కష్టములు పెరిగినపుడెల్ల విరాళములు పెరుగవు.

ఇదంతయు కులమహాసభలో ఏల చెప్పవలెనని మీరడుగవచ్చును. ఆ కొలువులో మొదటి పాఠము "ఎవనివాడవు?" అని యడుగకుండుట. ఎవని యవసరము తీవ్రమో వానికే ముందు సహాయము. మన సంఘము మన బిడ్డలకు వేతనములిచ్చుచున్నది, వసతిగృహములు నడుపుచున్నది. స్వజనసేవ దోషము కాదు. చేయి చాచినపుడు దగ్గరివాడే మొదట తగులును. కాని దానమునకు ముందు ఇంటిపేరు అడుగుటయే చూచుచు పెరిగిన బాలుడు, విదేశమున కేగిన నాడే ఆ ప్రశ్నను మరువగలడా? ఆ విద్యను మనమిచటనే నేర్పవలెను.

కావున నాదొక విన్నపము. మన విద్యానిధిలో పదియవవంతు, ఏ కులమువాడని యడుగక, మన యూళ్లలో మిక్కిలి యవసరముగల విద్యార్థికి ఒసంగునట్లు ఈ మహాసభ తీర్మానింపవలెను. ఆ దరఖాస్తులను పరిశీలించు భారము ఆ సేవాసంస్థలలో చేరగోరు మన యువకులకే అప్పగింపుడు. దరఖాస్తులో కులము వ్రాయు గడి యుండరాదు. మనవాడొకడు నిధికై వాకిట వేచియుండగా, ఎక్కువ అవసరముగల పరునికి ఇచ్చుటకు వారి చేయి వణకకున్నచో, వారు జెనీవాకు పోదగినవారే. వణకినచో, ఆ వణకు తీరువరకు ఇచటనే అభ్యాసము చేయుదురు గాక. ఉభయథా మనకు లాభమే.