వంద ఆవులకు ఎన్ని ఆంబోతులు?

పశువైద్య కళాశాల ఉన్న గన్నవరం కృష్ణా జిల్లాలోది, మనది కాదు. అయినా ఈ మాట మన పి.గన్నవరంలోనే చెప్పాలనిపించింది. లంక మేతల మీద మందలు బతికిన నేల ఇది.

ఒంగోలు జాతిని మన పెద్దలు పాలకూ పనికీ కలిపి పెంచారు. ట్రాక్టరు వచ్చాక కోడెతో పని తీరిపోయింది. పాలకైతే జెర్సీ క్రాసు, ముర్రా గేదె ముందుకొచ్చాయి. జాతి తగ్గిపోతోందని తలలు లెక్కపెట్టి బాధపడుతున్నాం. నన్నడిగితే తలల లెక్క కన్నా తండ్రుల లెక్క ముఖ్యం.

ఒక లంకలో వంద ఆవులు, వాటన్నిటికీ ఒకే ఆంబోతు అనుకోండి. జన్యుశాస్త్రంలో ఓ సూత్రం ఉంది. ఆవుల సంఖ్యను ఆంబోతుల సంఖ్యతో హెచ్చవేసి, వచ్చినదాన్ని నాలుగు రెట్లు చేసి, మొత్తం తలలతో భాగించాలి. 400ను 101తో భాగిస్తే నాలుగు కూడా నిండదు. కంటికి కనిపించేవి 101, జన్యువుల లెక్కలో నాలుగే! మేనరికం మీద మేనరికం చేసుకుంటూ పోయిన వంశంలా తరతరానికీ రక్తం దగ్గరవుతుంది. చూలు నిలవదు, దూడలు నీరసంగా పుడతాయి. అదే ఆంబోతులు నాలుగైతే లెక్క 15 దాటుతుంది, పదైతే 36. ఆవు ఒక్కటి కూడా పెరగలేదు, గమనించండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 50కి తగ్గవద్దంటుంది. వంద ఆవుల మందకు ఆ లెక్కన 15 ఆంబోతులు కావాలి.

పూర్వం మొక్కు తీర్చుకోవడానికో, పోయినవాళ్ల పేరునో అచ్చువేసి ఆంబోతును వదిలేవారు. అది చేలన్నీ మేసి తిట్లు తినేది కానీ, ఊరూరా తిరిగి కొత్త రక్తం పంచేది. ఇప్పుడు ఆ పని కృత్రిమ గర్భధారణ సూది చేస్తోంది. మేలైన ఆంబోతు గుణం లంకలో చివరి కొట్టం దాకా చేరుతోంది, సంతోషమే. కాకపోతే ఒక్క ఆంబోతు నుంచి వేల వీర్యపు స్ట్రాలు వస్తాయి. ఊరంతా ఒకే తండ్రి పెయ్యలైపోవడానికి ఎంతో కాలం పట్టదు.

బ్రెజిల్ సంగతి చూడండి. ఒంగోలు పక్కనున్న కరవది పేరుతో 1960ల మొదట్లో అక్కడికి వెళ్లిన ఆంబోతు ఇప్పటికీ ప్రసిద్ధం. మన జాతి అక్కడ నెల్లూరు పేరు మీద నెలోర్ అయి కోట్లలో పెరిగింది. అంత మందలోనూ మళ్లీ మళ్లీ కనిపించేది కొద్దిమంది మూలపురుషుల రక్తమే. ఇంకో వింత ఉంది. తల్లి నుంచే దిగే మైటోకాండ్రియా డీఎన్‌ఏను పరీక్షిస్తే చాలా నెలోర్ పశువుల్లో యూరప్ ఆవుల గుర్తు బయటపడింది. ఇక్కడి నుంచి వెళ్లినవాటిలో ఆంబోతులే ఎక్కువ. వాటిని అక్కడి నాటు ఆవులతో తరాల తరబడి దాటించారు. మూపురం, గంగడోలు మనవి, అమ్మమ్మల వరస మాత్రం వేరే. ఒంగోలు తల్లుల సంపద ఇంకా మన దగ్గరే ఉందన్నమాట.

గుంటూరు దగ్గర లాం ఫారం వంటివి ఈ జాతిని కాపాడుతున్నాయి. కానీ ఒక్కచోట దాచి ఊరుకోవడం ఎంత ప్రమాదమో మనకు ఒకరు చెప్పాలా? 2022 జులైలో గోదావరి వరద ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు చూశాం కదా!

రైతు చేతిలో ఉన్నది చిన్న పనే. స్ట్రా మీద ఆంబోతు నంబరు అచ్చై ఉంటుంది. అడిగి గోడ క్యాలెండరు మీదైనా రాసుకోండి. పుట్టిన పెయ్య ఎదకొచ్చినప్పుడు ఆ నంబరు తప్ప వేరేది వేయమనండి. వేరేది లేదంటే ఆ ఎద వదిలేయండి. మళ్లీ ఎద రావడానికి ఎంతని, 21 రోజులేగా!