వెబ్‌సైట్ పేరులో ఒక్క అక్షరం



'కలర్' అనే ఇంగ్లీషు మాట చెవికి ఒక్కటే, రాతలో రెండు. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో చివరి 'ఆర్'కు ముందు 'యు' ఉంటుంది. 1828లో అచ్చయిన తన నిఘంటువులో నోవా వెబ్‌స్టర్ 'యు' లేని రూపాన్ని ఇచ్చారు. అమెరికాలో అదే స్థిరపడింది. మన పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ పద్ధతిని పాటిస్తాయి.

మనం రెండింటినీ ఒకే మాటగా చదువుకుంటాం. ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థ అలా చేయదు. పెద్దబడి, చిన్నబడి తేడాను అది పట్టించుకోదు గానీ, ఒక్క అక్షరం తగ్గితే వేరే చిరునామాగా చూస్తుంది. అది మరొకరిది కావచ్చు; పాస్‌వర్డులు కాజేసేవారిదీ కావచ్చు.

కాబట్టి రంగుల శాస్త్రంపై మీరొక సైట్ పెడితే, మీ పాఠకులకు అలవాటైన స్పెల్లింగ్‌నే ఎంచుకోండి. రెండోదాన్ని కూడా నమోదు చేయించి, మొదటిదానికి మళ్లించండి. అప్పుడు ఎవరు ఎలా రాసినా మీ దగ్గరికే చేరతారు.