బొంత నేర్పిన చేతులు

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు కార్యదర్శిగారు డి.ఏ. బకాయిల గురించో, హెల్తు కార్డుల గురించో మాట్లాడతాననుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను బొంత గురించి మాట్లాడదలచుకున్నాను. ముఖ్యంగా బొంత కుట్టడం నేర్పినవారి గురించి. నవ్వేవారు నవ్వవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

మన మాటల్లో బొంతకు పెద్ద గౌరవం లేదు. పొత్తు కుదరని పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలవారు ‘అతుకుల బొంత’ అని రాస్తారు. అంటే రేపో మాపో ఊడిపోతుందని అర్థం. ఆ మాట రాసేవారు బొంత కుట్టేచోట ఒక పూట కూర్చుంటే అలా రాయరు. బాగా కుట్టిన బొంత అయిదేళ్ళ పదవీకాలాన్ని సునాయాసంగా దాటుతుంది.

మనలో చాలామంది బొంత మీద పడుకున్నవారే గాని అది ఎలా తయారవుతుందో గమనించినవారు తక్కువ. అంచేత క్లుప్తంగా చెబుతాను. బొంతకు కొత్త గుడ్డ పనికిరాదు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర కావాలి. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఒక మనిషి పడుకునేంత పొడవూ, మూడు పొరలూ వస్తాయి. చిరుగులున్న భాగం లోపలి పొరలోకి పోవాలి. చిరిగిన పంచెలు, పావడాలు, దిండు గలీబులు ఉంటే ఆ ముక్కలనూ లోపలే సర్దుతారు. పైనా కిందా గట్టి గుడ్డ ఉండాలి. ఊడ్చి తుడిచిన నేల మీద పరచి, మూలలకు బరువు పెట్టి, ముందుగా మధ్యనుంచి అంచులవైపు పెద్ద పెద్ద కుట్లు వేస్తారు. మధ్యనుంచి ఎందుకంటే, అంచునుంచి మొదలుపెడితే ముడతలన్నీ వచ్చి నడుమ చేరతాయి. ఈ పెద్ద కుట్లు పొరలు కదలకుండా పట్టి ఉంచడానికే. పని పూర్తయ్యాక లాగేస్తారు. తరువాత అంచులు లోపలికి మడిచి కుట్టి, పొడవునా వరస పక్కన వరస వేసుకుంటూ పోవాలి.

జీవితమంతా లెక్కలు రాసి బతికినవాణ్ణి గనుక దీనికీ ఒక లెక్క వేశాను. చీర వెడల్పు 1.15 మీటర్లు అనుకుందాం. వరసకూ వరసకూ ఒకటిన్నర సెంటీమీటరు ఎడం పెడితే సుమారు 75 వరసలు. ఒక్కొక్క వరస 1.8 మీటర్లు. మొత్తం 135 మీటర్ల కుట్టు. కుట్టుకు ఒకటిన్నర సెంటీమీటరు చొప్పున చూస్తే 9,000 కుట్లు. ఒక్క బొంతకు తొమ్మిది వేలసార్లు సూది దిగి పైకి రావాలి. నేను నా సర్వీసులో సూది పట్టింది వోచర్లు కుట్టడానికే. ఆ దబ్బనం పదిసార్లు గుచ్చితేనే నా వేలు నొప్పెట్టేది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా పెద్దక్కకు ఇప్పుడు 86 ఏళ్ళు. పందొమ్మిదో ఏట పసుపు కుంకుమలు పోగొట్టుకుని పుట్టింటికి చేరింది. మాది కృష్ణా డెల్టాలో చిన్న పల్లె. ఒకరి మీద ఆధారపడి తినడం ఇష్టంలేక, మా అమ్మ దగ్గర నేర్చుకున్న బొంత కుట్టునే జీవనాధారం చేసుకుంది. బొంతకు రెండు కుంచాల వడ్లు ఇచ్చేవారు. కుడుతూ ఉండగా ఇరుగుపొరుగు ఆడపిల్లలు వచ్చి పక్కన కూర్చునేవారు. అలా కూర్చున్నవారికి నేర్పడం మొదలుపెట్టి, ఇప్పటికీ మానలేదు.

ఆమె ఏ పరీక్షా రాయలేదు. కాని నేర్పడంలో ఆమెకొక పద్ధతి ఉంది. మొదటిరోజు పిల్ల చేతికి చీర ఇవ్వదు. గుప్పెడు గుడ్డముక్కలిచ్చి “నీ బొమ్మకు బొంత కుట్టవే” అంటుంది. బొమ్మ బొంతకు కూడా మూడు పొరలు, నాలుగు అంచులు, నాలుగు మూలలు ఉంటాయి. పెద్ద బొంతలో వచ్చే చిక్కులన్నీ అందులోనే వస్తాయి. అది పూర్తయ్యాక, తాను కుడుతున్న బొంతలో ఒక పక్క వరస అప్పగిస్తుంది. పిల్ల వంకరగా కుడితే విప్పదు, తిట్టదు. “ఉండనీ. వచ్చే ఏడు చూసి నువ్వే నవ్వుకుంటావు” అంటుంది. కుట్టు బాగుందా లేదా అన్నది పైవైపు చూసి చెప్పదు. బొంత తిరగేసి బొటనవేలు పోనిచ్చి చెబుతుంది. అడుగు పొరను సూది అందుకుందో లేదో వెనకవైపే తెలుస్తుందంటుంది.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మా ఊరినుంచి బియ్యం, బట్టలు పంపించారు. అక్క తన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరినీ పిలిచింది. పదిరోజుల్లో పదకొండు బొంతలు కుట్టి బండిలో వేయించింది. ఒక్క మనిషి చేయగలిగిన పని కాదది. అన్నాళ్ళు నేర్పిన దానికి ఫలితం ఆ పదిరోజుల్లో ఊరందరికీ కనబడింది.

ఈ విద్య మన ఒక్కరిదే అనుకోకూడదు. కన్నడంవారు దీన్ని కౌది అంటారు, మరాఠీవారు గోధడి అంటారు. బీహారులో సుజని, బెంగాలులో కాంథా. మన నిఘంటువుల్లో కూడా బొంతకు ‘కంథ’ అనే సంస్కృత పదం కనబడుతుంది. బెంగాలులో గురుసదయ్ దత్తుగారని (1882–1941) ఒక ఐ.సి.ఎస్. అధికారి ఉండేవారు. ఆయన ఉద్యోగరీత్యా తిరిగిన పల్లెల్లో ఆడవాళ్ళు పాతచీరలతో కుట్టిన కాంథాలను సేకరించారు. అంతటి దొరగారు కాంపుకు వెళ్ళి పాతబొంతలు తెచ్చుకుంటుంటే ఆయన కాంపు గుమాస్తా ఏమనుకున్నాడో గాని, ఆయన సేకరణ కలకత్తా దగ్గర జోకాలో ఆయన పేరిట ఉన్న మ్యూజియంకు చేరింది. అందులో మానదాసుందరి అనే ఆమె వెనకటి శతాబ్దాల నాడు తండ్రి కోసం కుట్టిన కాంథా ఒకటి ఉంది. ఆమె తన పేరును దారంతోనే అందులో కుట్టింది. ఆమెకు కుట్టు నేర్పినదెవరో మాత్రం అందులో లేదు.

ఈ మధ్యకాలంలో ఆ లోటు కొంత తీరుతోంది. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని సూదిని నమ్ముకున్న ప్రీతికణా గోస్వామిగారు బెంగాలులోని సోనార్‌పూర్‌లో ఎంతోమంది స్త్రీలకు కాంథా నేర్పారు. 2023లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. బీహారులో ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామంలో సుజనిని నిలబెట్టి, చుట్టుపక్కల మహిళలకు నేర్పిన నిర్మలా దేవిగారికి 2025లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్భయి దాటాయి. మన వయసువారే. సుజని మొదట్లో పుట్టిన బిడ్డను పొదువుకోవడానికి పాతగుడ్డలతో కుట్టినదే. మనం పొత్తిగుడ్డలంటామే, ఆ కోవలోనిదే.

మనలో చాలామందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. అట్లాంటాలో పిల్లలున్నవారు పొరుగు రాష్ట్రమైన అలబామా పేరు వినే ఉంటారు. అక్కడ నది మలుపులో జీస్ బెండ్ అనే నల్లజాతివారి పల్లె ఉంది. పూర్వం పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవారి సంతతి. ఆ తల్లులు పొలంలో తొడిగి చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు, సంచి గుడ్డలు అతికి చలికి బొంతలు కుట్టారు, కూతుళ్ళకు నేర్పారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు సహకార సంఘం పెట్టుకుని కుట్టినవి అమ్ముకున్నారు. 2002లో ఆ పల్లె బొంతలను హూస్టన్‌లోను, న్యూయార్కులోను మ్యూజియం గోడలకు వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మ్యూజియంవారు రాకముందు కూడా ఆ తల్లులు అంతే శ్రద్ధగా నేర్పారన్నది మనం గమనించవలసిన విషయం. ఎవరో మెచ్చుకుంటారని కాదు. పిల్లకు చలి వేయకూడదని నేర్పారు, చేతిలో విద్య చక్కగా ఉండాలని నేర్పారు.

పోయిన వేసవిలో నేను ఊరికి వెళ్ళినప్పుడు ఒక పని చేశాను. మనందరికీ సర్వీసు రిజిస్టరు ఉంది గదా. చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, బదిలీలు అన్నీ అందులో ఎక్కాయి. 33 ఏళ్ళ సర్వీసుకు పూర్తి పెన్షను తీసుకుంటున్నాము. మా అక్క అరవై ఏళ్ళకు పైగా నేర్పింది. ఆమెకు ఏ కాగితమూ లేదు. అంచేత ఒక పొడుగు నోటుబుక్కు తీసుకుని గీతలు గీశాను. వరుస సంఖ్య, పేరు, ఊరు, నేర్చుకున్న సంవత్సరం, రిమార్కులు. ఆమె చెబుతూ ఉంటే నేను రాశాను. సంవత్సరాలు ఆమెకు అంకెల్లో గుర్తులేవు. 1969 తుపాను ముందా తరువాతా, 1980 కృష్ణా పుష్కరాలకా, 1992 పుష్కరాలకా అని చెప్పింది. రిమార్కుల కాలమ్‌లో ఏం రాయమంటావని అడిగితే, “దీనిది మూల తిరిగే చెయ్యి”, “ఇది మాటలెక్కువ, కాని వరస తప్పదు”, “దీనికి దారం పొదుపు తెలుసు” అని ఒక్కొక్కరికీ చెప్పింది. నాలుగు రోజులకు 143 పేర్లయ్యాయి. ఇన్నేళ్ళు కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు చూసినవాణ్ణి. అంత నిజాయితీగా రాయించిన రిమార్కులు నేను చూడలేదు.

ఆ పేర్లు ఎత్తి రాస్తుంటే ఇంకొక సంగతి బయటపడింది. 1990 లోపల 121 పేర్లు. ఆ తరువాత 22. చివరి పది సంవత్సరాల్లో ఇద్దరే. కారణాలు మనకు తెలియనివి కావు. నైలెక్సు, పాలియెస్టరు చీరలు వచ్చాయి. అవి చెమట పీల్చవు, కుట్టబోతే పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. షోలాపూరు దుప్పట్లు, పానిపట్టు రగ్గులు ఊరూరా దొరికాయి. మంచాల మీదకు నురుగు పరుపులు వచ్చాయి. ఇందులో ఎవరి దోషమూ లేదు. బొంత లేమిలోంచి పుట్టింది. ఆ లేమి తిరిగి రావాలని నేను కోరను. మా అక్క కూడా కోరదు. వడ్ల కోసం వేళ్ళు పొడుచుకున్న రోజులు ఆమెకు ముద్దుగా ఏమీ లేవు.

మరి ఇప్పుడెందుకు అని మీరు అడగవచ్చు. మా కోడలూ ఇదే అడిగింది. “బజారులో రగ్గు దొరుకుతుంటే పదిరోజులు కూర్చుని కుట్టడం దేనికి మామయ్యగారూ?” అంది. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఇది. రగ్గు డబ్బిస్తే ఎప్పుడైనా వస్తుంది. 9,000 కుట్లు ఓపికగా వేసే చెయ్యి డబ్బిచ్చినా రాదు. అది ఒక చేతినుంచి ఇంకొక చేతికి, పక్కన కూర్చుంటేనే వస్తుంది. మధ్యలో ఒక తరం కూర్చోకపోతే అక్కడితో ఆగిపోతుంది. కోడలు ఒప్పుకున్నదో లేదో తెలియదు గాని, తన తల్లిగారి పాత వెంకటగిరి చీర ఒకటి తీసి పక్కన పెట్టింది.

ఇది ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. మా అక్కకు నీటికాసుల జబ్బు. కంటి డాక్టరుగారు మందులు వాడుతూ ఉండమన్నారు. పోయిన చూపు తిరిగి రాదని కూడా చెప్పారు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది మాత్రమే కొద్దిగా కనబడుతుంది, పక్కలు కనబడవు. సూదిలో దారం ఇంకొకరు ఎక్కించి ఇవ్వాలి. ఎక్కించి ఇస్తే మాత్రం వేళ్ళతో తడుముకుంటూ వరస తప్పకుండా కుడుతుంది. పక్కనున్నవారి కుట్టు బొటనవేలితో చూసి చెబుతుంది. “కళ్ళు పోతే పోనీరా తమ్ముడూ, వేళ్ళున్నన్నాళ్ళు ఎవరినైనా పంపించు” అంది.

అంచేత ఈ సభకు నా మనవి. మన సంఘ భవనంలో మధ్యాహ్నాలు హాలు ఖాళీగా ఉంటుంది. మంగళ, శుక్రవారాల్లో మూడు గంటలనుంచి అయిదు వరకు బొంత తరగతి పెడదాము. అక్కను నేను తీసుకువస్తాను. మా ఇంట్లోనే ఉంటుంది. జీతం అడగదు. కాని గౌరవ వేతనంగా ఎంతో కొంత, చిన్నదైనా సరే, సంఘం తరఫున ఇచ్చి రసీదు మీద ఆమె సంతకం తీసుకోవాలని నా కోరిక. 86 ఏళ్ళలో నేర్పినందుకు ఆమె ఎక్కడా సంతకం చేయలేదు. సభ్యులు తలా ఒక పాత నూలు చీరగాని పంచెగాని బాగా ఉతికి, మరిగిన నీళ్ళలో ముంచి, ఎండబెట్టి ఇవ్వండి. మనవరాళ్ళను పంపండి. మనవళ్ళను పంపినా కాదనము. సోదరులు వస్తే సూదిలో దారం ఎక్కించే పని ఉండనే ఉంది, నేను ఆ పనికి ముందే పేరు ఇచ్చుకున్నాను.

రావాలనుకునేవారు ఈ రోజు భోజన విరామంలోనే కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించండి. నోటుబుక్కు నేను తెచ్చాను. 144వ నంబరునుంచి గీతలు గీసి సిద్ధంగా ఉంచాను. తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా వేయవద్దని మాత్రం ప్రత్యేకంగా కోరుతున్నాను.