ఆచారం – ధర్మం



సమాజం నైతికంగా ఎదగకుండా ఆపేది ఏమిటని అడిగితే, ధర్మమని భ్రమపడి అంటిపెట్టుకొన్న దురాచారమే అంటాను. తప్పు చేసేవానికి మనస్సాక్షి ఎక్కడో అడ్డుపడుతుంది. దురాచారాన్ని పాటించేవాడు పుణ్యం చేస్తున్నాననే తృప్తితో ఉంటాడు.

తిరువాన్కూరు సంస్థానంలోని వైకం మహాదేవుని ఆలయమే ఇందుకు నిదర్శనం. ఆ గుడి చుట్టూ ఉన్న వీథులలో నడిచే హక్కు సైతం అవర్ణులకు ఉండేది కాదు. 1924లో సత్యాగ్రహం మొదలైంది. ఆ ఏడాదే మన్నత్తు పద్మనాభన్ నాయకత్వంలో సవర్ణులే తిరువనంతపురం దాకా పాదయాత్ర చేసి, తోటివారికి దారి విడువమని అర్థించారు. అయినా 1925లో శాసనసభలో ఆ తీర్మానం ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. తుదకు 1936 నవంబరు 12న శ్రీ చిత్తిర తిరునాళ్ మహారాజు ప్రకటనతో ప్రభుత్వాధీనంలోని ఆలయాల ద్వారాలు హిందువులందరికీ తెరుచుకొన్నాయి. స్వామి మహిమ ఏమీ తరగలేదు. వైకత్తష్టమి నేటికీ వైభవంగా జరుగుతూనే ఉంది.

బాధితుల పోరాటానికి సుఖంగా ఉన్నవారి న్యాయబుద్ధి తోడైనప్పుడు సంఘం ముందడుగు వేస్తుంది. మీరు సమర్పించే కానుక గోపురాన్ని నిలుపుతుంది. అన్నదాన పంక్తిలో పక్కవారి కులం అడగకుండా కూర్చోవడం ధర్మాన్ని నిలుపుతుంది. రెండూ స్వామి సేవలే.

స్వస్తి.