సంతోషము గురియా, ఫలమా?

(శత వార్షికోత్సవముల సందర్భమున సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేళ్ల పండుగలో మాట్లాడేవారు గతించిన పెద్దలను స్మరిస్తారు. కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను లెక్కిస్తారు. ఆ పని నాకంటె బాగా చేయగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. నాకిచ్చిన కొద్ది సమయములో ఒక్క ప్రశ్నను మీ ముందు ఉంచాలని ఆశిస్తున్నాను. ఆ ప్రశ్న నాది కాదు. కొన్నేళ్ల క్రిందట ఒక సహోదరి నన్ను అడిగినది. ఆమె పేరు చెప్పను, ఊరు చెప్పను.

ఆదివారం ఆరాధన ముగిసి, పిల్లలు చాపలు చుట్టి పెడుతున్నారు. ఆమె నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, సంతోషంగా బతకాలని కోరుకోవడం పాపమా?" అని అడిగింది. నేను క్షణం కూడా ఆలోచించలేదు. "అమ్మా, లోకస్థులకు సంతోషము గురి. మనకు గురి సిలువ" అన్నాను. ఆమె "సరే మాస్టారూ" అని, కొంగు తలమీదికి లాక్కుని వెళ్లిపోయింది. మంచి జవాబు చెప్పానని తృప్తిపడి నేనూ ఇంటికి పోయి భోజనం చేశాను.

ఆ ఇంట్లో రాత్రివేళ ఏమి జరుగుతున్నదో నాకు ఆరు నెలల తరువాత తెలిసింది. తాగి వచ్చిన భర్త చేతి దెబ్బలు ఆమె ఎన్నాళ్లుగానో ఓర్చుకుంటున్నది. నాకు తెలిసేనాటికి ఆమె బిడ్డలను తీసుకుని పుట్టింటికి చేరింది, గుడికి రావడం మానింది. ఆమె నన్ను అడిగినది వేదాంత ప్రశ్న కాదు, సహాయము. నేనేమో ఆమె మోస్తున్న బరువు మీద ఇంకొక బరువు పెట్టి, దానికి సిలువ అని పేరు పెట్టి పంపాను.

ఆ దినము మొదలు ఈ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. సంతోషము మనిషి కోరదగిన గురియా, కాదా?

ముందుగా ప్రసంగి గ్రంథము చూద్దాము. రెండవ అధ్యాయములో ఆ జ్ఞాని సంతోషమును గురిగా పెట్టుకుని, పరీక్ష చేసి చూశాడు. ఇండ్లు కట్టించాడు. ద్రాక్షతోటలు వేయించాడు. చెరువులు త్రవ్వించాడు. దాసదాసీలను, వెండి బంగారములను, గాయకులను సమకూర్చుకున్నాడు. కన్ను కోరినదేదీ కాదనలేదు. చివరకు లెక్క చూసుకుంటే గాలిని పట్టుకున్నట్టయింది. ఇంతవరకు మనందరికీ తెలిసిన పాఠమే. దీనిమీద ఎన్నో ప్రసంగములు విన్నాము. కాని అదే అధ్యాయము చివర ఆయన మరొక మాట చెప్పాడు. అన్నపానములు పుచ్చుకుని, తన కష్టార్జితములో సుఖపడుట మేలనీ, అది కూడా దేవుని చేతినుండి వచ్చేదే అనీ చెప్పాడు. మూడవ అధ్యాయములో దానిని దేవుని బహుమానమన్నాడు. అంటే ఆయన సంతోషమును నిందించలేదు. దానిని తరిమి పట్టుకోవాలనుకోవడమే వ్యర్థమన్నాడు. ఇస్తే పుచ్చుకొమ్మన్నాడు.

ఇది విశ్వాసుల అనుభవము మాత్రమే కాదు. ఇంగ్లండులో జాన్ స్టూవర్ట్ మిల్ అనే తత్వవేత్త ఉండేవాడు. ఆయన మన విశ్వాసమునకు చెందినవాడు కాడు. ఎక్కువమందికి ఎక్కువ సంతోషము కలిగించేదే మంచి పని అని బోధించిన గుంపులో పెరిగినవాడు. మూడేళ్ల వయస్సులోనే తండ్రి ఆయనకు గ్రీకు నేర్పనారంభించాడు. 1826లో, ఇరవై ఏళ్ల ప్రాయములో, ఆయన తన్ను తాను ఒక ప్రశ్న వేసుకున్నాడు: "నేను కోరుతున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే నెరవేరితే నాకు సంతోషము కలుగుతుందా?" కలగదని లోపలినుండి జవాబు వచ్చింది. దానితో ఆయన చాలా కాలము కృంగిపోయాడు. తరువాత తేరుకుని, ఆయన చనిపోయిన 1873లోనే అచ్చయిన ఆత్మకథలో తాను నేర్చుకున్నది వ్రాశాడు. సంతోషము జీవితమునకు పరీక్ష అన్న మాట ఆయన విడువలేదు. కాని దానిని నేరుగా గురి పెట్టుకున్నవారికి అది దొరకదని, ఇతరుల మేలు మీదనో, చేపట్టిన పని మీదనో మనస్సు నిలిపినవారికి అది దారిలో కలుస్తుందని గ్రహించాడు. ప్రసంగి చెప్పినదానికి ఇది ఎంతో దూరములో లేదు.

అయితే, "చూశారా, సంతోషము గురి కాదని మీరు ఆ సహోదరికి చెప్పినది సరైనదే కదా!" అని మీరనవచ్చు. కొన్నాళ్లు నేనూ అలాగే నన్ను నేను సమాధానపరచుకున్నాను. కాని వాక్యము నన్ను ఊరుకోనివ్వలేదు. హెబ్రీ పత్రిక పన్నెండవ అధ్యాయము రెండవ వచనము తెరచి చూడండి. ప్రభువు సిలువను ఎందుకు సహించాడని అక్కడ ఉన్నది? తన ముందు ఉంచబడిన ఆనందము కొరకు. అంటే సిలువ ఆయనకు దారి. దారి చివర ఆనందమున్నది. "మనకు గురి సిలువ" అని నేను ఆ సహోదరికి చెప్పినప్పుడు దారిని చూపించి, ఇంటిని దాచిపెట్టాను. పైగా ప్రభువు తన సిలువను తానే, ఇష్టపూర్వకముగా ఎత్తుకున్నాడు. ఒకడు తాగి వచ్చి వేసే దెబ్బ సిలువ కాదు, పాపము. ఆ పాపమును ఆపవలసిన బాధ్యత సంఘానిది.

గలతీ పత్రిక అయిదవ అధ్యాయములో ఆత్మ ఫలము చెప్పేటప్పుడు ప్రేమ మొదటిది, సంతోషము రెండవది. ఫలము అన్న మాటను గమనించండి. మామిడిచెట్టు యజమాని కాయను పట్టుకుని రోజూ లాగడు. వేరుకు నీళ్లు పోస్తాడు, పశువు తినకుండా కంచె వేస్తాడు. కాయ దాని కాలములో అదే వస్తుంది. అలాగని ఏ రైతూ కాయ మీద ఆశ లేకుండా చెట్టు నాటడు. అందుచేత నాకు తోచినది మనవి చేస్తున్నాను. నా సంతోషము నాకు గురి కాదు, ఫలము. నా పొరుగువాని సంతోషము మాత్రము నాకు గురి కావచ్చు, కావాలి కూడా. మన తప్పంతా ఈ రెంటిని తారుమారు చేయడములో ఉన్నది. మన విషయములో సుఖము వెతుక్కుంటాము. ఎదుటివారి విషయములో సహనము బోధిస్తాము.

ఈ రెంటిని సరిగా ఉంచుకున్నవారు మన తెలుగు నేలమీద నడిచారు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ గారు, ఆమె భర్త జార్జి కెర్ గారు 1915 ప్రాంతములో కుష్ఠురోగుల కొరకు ఆసుపత్రి నెలకొల్పారు. ఈనాడు కుష్ఠు మందులతో నయమయ్యే వ్యాధి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో రోగులు పూర్తిగా బాగవుతున్నారు. ఆనాడు ఆ మందులు లేవు. చాల్‌మూగ్రా జాతి నూనెను సూదిమందుగా ఇచ్చేవారు, అది ఎంతో నొప్పి. ఊరు వెలివేసినవారికి అక్కడ పడక, పని, తోట, ఆరాధన దొరికాయి. ఆ దంపతులు అక్కడికి తమ సుఖము వెతుక్కుంటూ రాలేదు. అలాగని రోగులకు "మీ సిలువ మీరు మోయండి" అని చెప్పి వెళ్లిపోనూ లేదు. పుండు కడిగారు.

డోర్నకల్ మొదటి బిషప్ అజరయ్య గారిని తలచుకోండి. 1912లో ఆయన అభిషేకము పొందినప్పుడు ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన కాలములో బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలమీద ఉంచుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాట పలికేవారు. వారు ఎవరు? అక్షరము రాని కూలీలు, ఊరి చివర నివసించేవారు. వారికి ఆయన సుఖము వాగ్దానము చేయలేదు, ఒక పని అప్పగించాడు. జీవితమంతా పుచ్చుకునేవారిగా చూడబడినవారు ఇచ్చేవారయ్యారు. మా అమ్మ అన్నం వండే ప్రతి పూటా ఎసట్లో బియ్యము పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది. మాకు చాలీచాలని రోజులలో కూడా వేసేది. "ఎందుకమ్మా?" అంటే, "మనమూ ఒకరికి పెట్టగలం కదరా" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖములో ఉన్న సంతోషమును నేను తరువాత సంపాదించిన ఏ జీతమూ నాకు తేలేదు.

కాబట్టి, ప్రియులారా, రెండవ శతాబ్దములోనికి అడుగుపెట్టే మన సంఘమునకు నావి రెండు మనవులు. యౌవనస్థులారా, "సంతోషంగా ఉండండి, అంతే చాలు" అని లోకము మీకు చెబుతున్నది. అది మీకు చాలదు. చేయదగిన పనిని, ప్రేమించదగినవారిని వెతకండి. సంతోషము వెనుక వస్తుంది. పెద్దలారా, గురువులారా, కన్నీటితో వచ్చి సంతోషము గురించి అడిగిన వారికి ప్రసంగము చెప్పకండి. ముందు కూర్చోబెట్టండి. "ఇంట్లో ఏం జరుగుతోందమ్మా?" అని అడగండి. ఇంటి హింస నుండి స్త్రీలను కాపాడుటకు 2005లో చేసిన చట్టమున్నదని, 181 నంబరుకు ఫోను చేయవచ్చునని ప్రతి స్త్రీల మైత్రి కూడికలో చెప్పండి. అవసరమైతే ఆమె వెంట నడవండి.

ఆ సహోదరి సంగతి చెప్పి ముగిస్తాను. విషయము తెలిసిన తరువాత బస్సెక్కి ఆమె పుట్టింటికి వెళ్లాను. "అమ్మా, ఆనాడు నీకు తప్పు జవాబు చెప్పాను. క్షమించు" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "కూర్చోండి మాస్టారూ" అన్నది. ఈనాడు ఆమె అక్కడే కుట్టుపని చేసుకుంటూ బిడ్డలను చదివిస్తున్నది. మళ్లీ గుడికి వెళుతున్నదో లేదో నేను అడగలేదు. అడిగే అర్హత నాకు ఇంకా రాలేదని నా మనస్సు చెబుతున్నది.

ఆమె ప్రశ్నకు ఆలస్యముగానైనా ఈ వేదిక మీదనుండి జవాబు చెబుతున్నాను. లేదమ్మా, సంతోషంగా బతకాలని కోరుకోవడం పాపము కాదు. నీ సంతోషము మా పని అయి ఉండవలసినది. ఆ పనిని మేము మరచిపోయాము.

తన ప్రజల కన్నీటిని తుడిచే దేవుడు ఆ పనిలో మనలను కూడా వాడుకొనునుగాక. ఆమేన్.