ఆ రోజు అధ్యక్షుడు ఏం చేశారు?

పాత్రికేయ విభాగం నుంచి పట్టాలు అందుకున్న యువ మిత్రులారా, మీకు నా అభినందనలు.

మీలో చాలామంది వార్తా వెబ్‌సైట్ల డెస్కుల్లో చేరబోతున్నారు. రాత్రి షిఫ్టులో కూర్చున్నవాళ్ల చేతికి అమెరికా అధ్యక్షుడి వార్తలు తప్పకుండా వస్తాయి. మనం నిద్రపోయే వేళ ఆయన పనివేళ కదా. అందుకే ఆ వార్తలు వాషింగ్టన్‌లో ఎలా తయారవుతాయో, వాటిలో దేన్ని నమ్మాలో ఇవాళ చెప్పదలచుకున్నాను.

వైట్‌హౌస్ పత్రికా కార్యాలయం సాధారణంగా ముందురోజు రాత్రే మర్నాటి షెడ్యూలును విలేకరులకు పంపుతుంది. ఏ గంటకు ఏ సమావేశం, ఎక్కడికి ప్రయాణం, కెమెరాలకు ఎక్కడ అనుమతి ఉందో అందులో రాస్తారు. తెల్లారేసరికి వెబ్‌సైట్లు దాన్ని పాఠకుల ముందు పెడతాయి. పొలిటికో 2007లో మొదలైంది. ఆ సంస్థ పంపే 'ప్లేబుక్' అనే ఉదయపు మెయిల్‌తో ఆ నగరంలో రాజకీయాలు పట్టించుకునేవాళ్లకు రోజు మొదలవడం అలవాటైపోయింది. ఇదంతా ఉపయోగపడే సమాచారమే. అయితే అధ్యక్షుడి గురించి ఆయన కార్యాలయం ముందుగా చెప్పుకున్న మాట అది. జరిగిందేమిటో చెప్పడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి ఉండే ఏర్పాటునే 'పూల్' అంటారు. ఓవల్ ఆఫీసులో అందరికీ చోటు చాలదు. ఎయిర్‌ఫోర్స్ వన్‌లో పత్రికలవాళ్లకు ఉన్నవి 13 సీట్లు. అందుకని వంతులవారీగా కొద్దిమంది లోపలికి వెళ్లి, తాము చూసింది మిగతా విలేకరులందరికీ పంపుతారు. అధ్యక్షుడు ఎన్నింటికి వచ్చారు, పక్కన ఎవరు నిలబడ్డారు, ఏ ప్రశ్నకు జవాబిచ్చారు, ఏది వినీ విననట్టు వెళ్లిపోయారు, ఇలాంటి వివరాలే అందులో ఉంటాయి. ఇవాళ్టికి ఆయన ఇక బయటికి రారని కార్యాలయం చెప్పేదాకా ఆ బృందం కదలదు. రోజుల తరబడి ఏమీ జరగదు. ఆ విసుగును భరించడమే ఆ ఉద్యోగంలో పెద్ద భాగం.

ఎందుకంత కాపలా? 1963 నవంబరు 22న డాలస్‌లో అధ్యక్షుడు కెనెడీ వాహనశ్రేణిలో ఒక పూల్ కారు ఉంది. అందులో ఉన్న యూపీఐ వార్తాసంస్థ విలేకరి మెరిమన్ స్మిత్ తుపాకి చప్పుళ్లు విని కారులోని రేడియో ఫోను అందుకున్నాడు. కొన్ని నిమిషాల్లోనే కాల్పుల వార్త ప్రపంచానికి తెలిసింది. ఆ రోజు ఆయన రాసినదానికి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 1919 అక్టోబరులో ఉంది. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు పక్షవాతం వచ్చింది. భార్య, వైద్యుడు, దగ్గరి మనుషులు కొందరు కలిసి ఆయన పరిస్థితి తీవ్రతను నెలల తరబడి ప్రజలకు తెలియనివ్వలేదు. దేశాన్ని నడిపే మనిషి లేవలేని స్థితిలో ఉన్నాడని ఓటు వేసినవాళ్లకు తెలియలేదు.

షెడ్యూలు కూడా అన్నీ చెప్పదు. 2019 ఫిబ్రవరిలో ఆక్సియోస్ అనే వెబ్‌సైట్ అధ్యక్షుడు ట్రంప్ అంతరంగిక షెడ్యూళ్లను సంపాదించి ప్రచురించింది. అంతకుముందు మూడు నెలల షెడ్యూలు సమయంలో దాదాపు 60 శాతం 'ఎగ్జిక్యూటివ్ టైమ్' అనే పేరుతో, ఫలానా పని అని లేకుండా ఉంది. ఒక్కో రోజు కాగితం చూస్తే అదేమంత పెద్ద విషయంగా కనిపించదు. అన్నీ వరసపెట్టి కూడితేనే వార్త అయింది.

ఇలా కూడిపెట్టడమే జీవితంగా బతికిన ఒక విలేకరి గురించి చెప్పాలి. సీబీఎస్ రేడియోకు పనిచేసిన మార్క్ నోలర్ 2025లో కన్నుమూశారు. ఏ అధ్యక్షుడు ఎన్ని ప్రసంగాలు చేశారు, ఎన్నిసార్లు ఏ రాష్ట్రానికి వెళ్లారు, ఎన్ని రోజులు సెలవులో ఉన్నారు, అన్నీ దశాబ్దాలపాటు రోజువారీగా రాసిపెట్టారు. పోటీ సంస్థల విలేకరులు ఆయన్నే అడిగేవారు, వైట్‌హౌస్ సిబ్బందీ ఆయన్నే అడిగేవారు. ఎవరి పక్షమూ వహించని ఆ లెక్కల పద్దు ముందు ఏ పార్టీ ప్రచారమూ నిలిచేది కాదు. నాకు ఆయనంటే ఎంతో గౌరవం.

మళ్లీ పూల్ దగ్గరికి వస్తే, అందులో ఎవరుండాలో దశాబ్దాలుగా వైట్‌హౌస్ విలేకరుల సంఘమే చూసుకునేది. ఆ సంఘం 1914లో ఏర్పడింది. 2025 ఫిబ్రవరిలో వైట్‌హౌస్ ఆ అధికారాన్ని తన చేతిలోకి తీసుకుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోకు ట్రంప్ పెట్టిన కొత్త పేరును ప్రస్తావిస్తూనే పాత పేరు వాడతామన్నందుకు అసోసియేటెడ్ ప్రెస్‌ను అదే నెలలో బయట నిలబెట్టింది. కోర్టుల్లో వాదనలు నడిచాయి. తనను చూసి రాసేవాళ్లెవరో పాలకుడే ఎంచుకోవడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను, అధికారంలో ఏ పార్టీ ఉన్నా సరే.

వాషింగ్టన్ వార్తల్లో దేన్ని నమ్మాలన్న ప్రశ్న మన ఇళ్లదాకా వచ్చిన రోజు ఒకటుంది. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం. హెచ్‌-1బి వీసాలపై లక్ష డాలర్ల రుసుము విధించే ప్రకటన మీద ట్రంప్ సంతకం చేశారు. అక్కడే ఉన్న వాణిజ్య మంత్రి లట్నిక్ అది ఏటా కట్టాల్సిన రుసుమన్నట్టు చెప్పారు. మన దగ్గర అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఆ మాట చాలాచోట్ల అలాగే శీర్షికలకెక్కింది. ఆదివారం ఉదయం మన 9:31 నుంచి అమలు అన్నారు. సెలవుపై వచ్చిన పిల్లలు తిరుగు టికెట్ల కోసం పరుగులు పెట్టారు. ఉద్యోగులు వెంటనే అమెరికా చేరుకోవాలని పెద్ద కంపెనీలు సందేశాలు పంపాయి. పెళ్లికని, పెద్దవాళ్లను చూడాలని బయల్దేరినవాళ్లు ఆగిపోయారు.

శనివారం వైట్‌హౌస్ ప్రతినిధి లెవిట్ వివరణ ఇచ్చారు. రుసుము ఒక్కసారే, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లు కట్టనక్కర్లేదు. ప్రకటన పాఠంలో అన్నిటికీ స్పష్టత లేని మాట నిజమే. కానీ రుసుము ఏటా కట్టాలని ఆ పాఠంలో లేదు. అది వైట్‌హౌస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవగలిగేలా ఉంది. మంత్రి అన్నది మంత్రి అన్నట్టుగా, కాగితంలో ఉన్నది కాగితంలో ఉన్నట్టుగా విడివిడిగా రాసి, తేలనిది ఇంకా తేలలేదని చెప్పిన డెస్కు ఆ రాత్రి ఎన్నో కుటుంబాలకు మేలు చేసింది.

ఈ సభలో సంపాదకులు, వెబ్‌సైట్ల నిర్వాహకులు కొందరున్నారు. వాళ్లకు నాదొక విన్నపం. ఈ పిల్లల్ని ఉద్యోగంలోకి తీసుకున్నాక, రాత్రి షిఫ్టులో ఒక్కరినైనా పేజీ వ్యూల లెక్క నుంచి మినహాయించండి. సంతకమైన కాగితం మొదటి పేరా నుంచి చివరి పేరా దాకా చదవడం ఆ మనిషి పని. చదవడం పూర్తయ్యేదాకా శీర్షికను ఆపే అధికారం కూడా ఆ మనిషికే ఇవ్వండి, పోటీ వెబ్‌సైట్ పది నిమిషాలు ముందున్నా సరే.