ఎక్స్‌రే విద్యయు శిల్పుల యారోగ్యమును
(వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



నవనందులకు నెలవైన నంద్యాలయందు విశ్వబ్రాహ్మణ మహాసభ జరుగుటయు, ఆళ్లగడ్డ శిల్పిసోదరులు ఇందఱు విచ్చేయుటయు మాకు మిక్కిలి సంతోషము గొల్పుచున్నవి. ఇట్టి సభలయందు పూర్వవైభవమును గూర్చి ప్రసంగించుట వాడుక. ఆ కార్యము పెద్దలు నెఱవేర్పగలరు. మేము ఎక్స్‌రే గదులలో పనిచేయువారము. కావున మేమెఱిగిన యొక్క విషయమునే తమ సన్నిధిని విన్నవింప దలచితిమి. అది మన శిల్పుల యూపిరితిత్తులను గూర్చినది. వానిని చూపు యంత్రమును గూర్చియు, ఆ యంత్రమును నడుపవలసిన మన బిడ్డల చదువును గూర్చియు నందే చెప్పవలసియున్నది.

జర్మనీ దేశమున రాంట్జెన్ పండితుడు 8-11-1895 తేదీన ఈ కిరణములను కనుగొనెను. ఆ సంవత్సరమే డిశెంబరు 22వ తేదీన తన భార్య హస్తమును చిత్రము తీసెను. అందు ఎముకలతోపాటు వ్రేలి యుంగరమును స్పష్టముగా కానవచ్చినది. ఈ కిరణములు మాంసమును సులభముగా దాటును. ఎముకను కొంతవఱకే దాటును. బంగారమువంటి బరువు లోహమును దాటుట మిక్కిలి యరుదు. ఛాతీచిత్రము తీయునపుడు మెడలోని గొలుసు తీయుమని చెప్పుటకు కారణ మిదియే. రాంట్జెన్ తన విద్యకు పేటెంటు హక్కు కోరలేదు. 1901లో భౌతికశాస్త్రమునకు మొదటి నోబెల్ బహుమానము ఆయనకే లభించెను.

కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలో చేరియుండిన కాలమున, 1934లో, చెన్నపట్టణమందు బార్నార్డు రేడియాలజీ సంస్థ నెలకొల్పబడెను. నాడు ఈ ప్రాంతపు రోగికి అట్టి విద్యాలయము దూరదేశమే. నేడట్లు కాదు. నంద్యాల 4-4-2022 తేదీన జిల్లాకేంద్రమైనది. శాంతిరాం వైద్యకళాశాల అంతకుముందే యున్నది. 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయు ప్రారంభమైనది. ఆళ్లగడ్డనుండి ఇచ్చటికి సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే. యంత్రము మన వాకిటికి వచ్చినది. దానిని మన మెట్లు వినియోగించుకొనవలయునన్నదే ప్రశ్న.

ఆళ్లగడ్డలో చెక్కిన దేవతావిగ్రహములు అనేక గ్రామముల గుడులలో పూజలందుకొనుచున్నవి. ఆ విగ్రహమును చెక్కినవాడు పీల్చిన ధూళిని గూర్చి అడుగువా రెందఱు? పూర్వము ఉలియు సుత్తియు ప్రధాన సాధనములు. వానివలన రాలు పెళ్లలు పెద్దవి; నేల రాలిపోవును. నేడు కోతయంత్రము, గ్రైండరు వచ్చినవి. పది దినముల పని ఒక దినమున ముగియుచున్నది. కాని ఆ చక్రమునుండి లేచు ధూళి మిగుల సన్నము. కంటికి కనబడు ధూళి ముక్కునందును గొంతునందును చిక్కుకొనును. నాలుగైదు మైక్రానుల ధూళి, అనగా తలవెండ్రుక మందమున పదవవంతైనను లేనిది, ఊపిరితిత్తుల యడుగుదాక దిగును. ఆ రాతిలో స్ఫటికరూపమైన సిలికా యున్నయెడల అచ్చట మచ్చలు గట్టును. దీనికే సిలికోసిస్ అని పేరు.

అన్ని రాళ్లును ఒక్కటి కావు. అసలు గ్రానైటునందు నూటికి 20 పాళ్లకు తక్కువ గాక స్ఫటికపురాయి యుండును. ఇసుకరాతిలో నంతకంటె మిక్కుటము. బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతపు నాపరాయి సున్నపురాతి జాతి గనుక దానిలో సిలికా తక్కువ. నల్లగ్రానైటని బజారున నమ్మబడు రాళ్లలో కొన్నింట స్వల్పమే. కావున "మా తండ్రి జీవితమంతయు రాయి చెక్కెను, ఆయనకేమియు కాలేదు" అను వాదము చెల్లదు. ఆ తండ్రి యే రాతిని ఏ సాధనముతో చెక్కెనో, కుమారు డే రాతిని ఏ యంత్రముతో కోయుచున్నాడో విచారింపవలయును.

ఈ వ్యాధి సాధారణముగా పదేండ్లకుగాని బయటపడదు. ధూళి మిక్కుటమైనచో ముందే పడును. మొదట మెట్లెక్కునపుడు ఆయాసము, పిదప పొడిదగ్గు. ఎక్స్‌రే చిత్రమున ఊపిరితిత్తుల పైభాగములందు చిన్న చిన్న గుండ్రని మచ్చలు కానవచ్చును. క్షయయు తఱచుగా పైభాగములనే పట్టును. ఇచ్చటనే ప్రమాదము. రాతిధూళి రోగిని క్షయరోగి యని యెంచి నెలలతరబడి మందులు మ్రింగించుట యొక యనర్థము. సిలికోసిస్ గలవానికి క్షయ యితరులకంటె సులభముగా సోకును గనుక, "ఇది రాతిధూళియే" యని నిజమైన క్షయను విడిచిపెట్టుట రెండవ యనర్థము. కఫపరీక్షయు, చిత్రమును, వృత్తిచరిత్రయు మూడును కలిసిననేగాని నిర్ణయము కుదురదు. వైద్యు డడుగకున్నను "మేము రాతిపని చేయువారము, ఇన్నేండ్లు చేసితిమి" అని చెప్పుట మన శిల్పులు నేర్వవలసిన మొదటి పాఠము.

కుదుర్చు మందులేని వ్యాధికి చిత్రమేల యని కొందఱు పెద్దలు మమ్మడిగిరి. అది న్యాయమైన ప్రశ్నయే. మచ్చను మాన్పు మందు లేదు. ధూళి విడిచినపిదపను వ్యాధి ముదురవచ్చును. ఐనను తొలిదశలో తెలిసినయెడల ధూళిపని మాని విన్యాసము, బేరము, కూర్పు మొదలగు పనులకు మరలవచ్చును. క్షయను వేళకు పట్టవచ్చును. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఒక పాకలో నొకని చిత్రమున మచ్చలు కనబడినయెడల ఆ పాకలోని పదునెనిమిదేండ్ల శిష్యుల కందఱికిని అది హెచ్చరిక. పెద్దవాని చిత్రము పిన్నవాని ప్రాణమును కాపాడును.

న్యాయము పొందుటకును చిత్రమే యాధారము. రాజస్థాన ప్రభుత్వము 2019లో ఈ ధూళివ్యాధులకు ప్రత్యేక విధానము ప్రకటించి, వైద్యులచే నిర్ణయింపబడిన కార్మికునకు ధనసహాయ మేర్పఱచినది. నిర్ణయము లేనివానికి సహాయము లేదు. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము సిలికోసిస్‌ను ప్రకటింపవలసిన వ్యాధులలో చేర్చెను. కాని ఆ చట్టము విద్యుచ్ఛక్తితో 10 మందియైనను పనిచేయు కర్మాగారములనే లెక్కించెను. తరువాతి 2020 నాటి స్మృతి ఆ సంఖ్యను 20కి పెంచినది. నలుగురైదుగురు పనిచేయు శిల్పిపాక ఏ లెక్కలోనికి వచ్చును? ప్రభుత్వము లెక్కింపనివారిని సంఘమైనను లెక్కింపవలదా?

ఇక చిత్రము తీయు విద్యను గూర్చి. మీట నొక్కినంతమాత్రమున చిత్రము రాదు. రోగిని నిలువబెట్టి, ఱొమ్మును పలకకు చేర్చి, భుజములు ముందునకు త్రిప్పించి, ఆరడుగుల దూరమునుండి, నిండుగా ఊపిరి బిగబట్టించి తీయవలయును. ఊపిరి చాలనియెడల నిర్దోషమైన ఊపిరితిత్తులు సైతము రోగగ్రస్తములుగా కనబడును. కిరణము హెచ్చినయెడల ఉన్న మచ్చలు మాయమగును. తాళమానము తప్పిన విగ్రహము పూజకు రానట్లే కొలత తప్పిన చిత్రము వైద్యమునకు పనికిరాదు. అంతర్జాతీయ కార్మికసంస్థ ధూళివ్యాధి చిత్రములను చదువుటకై ప్రమాణచిత్రములను ప్రచురించినది. ఆ పద్ధతిలో మొట్టమొదట వ్రాయవలసినది చిత్రమెంత చక్కగా వచ్చినదను విషయమే.

ఈ కిరణములతో చెలగాటము తగదు. ఎడిసన్ యొద్ద పనిచేసిన క్లారెన్స్ డాలీ అను గాజుపనివాడు తన చేతులనే మాటిమాటికి కిరణములకొడ్డి కడకు 1904లో మరణించెను. అతడును మనవలె చేతిపనివాడే. నేడు మన దేశమున అణుశక్తి నియంత్రణ మండలి యనుమతిలేక ఎక్స్‌రే యంత్రమును నడుపరాదు. పనివాడు కిరణమును కొలుచు బిళ్లను ధరింపవలయును. ఛాతీచిత్ర మొకదానివలన కలుగు కిరణప్రమాణము ఒక మిల్లీసీవర్టులో పదవవంతును మించదు. ప్రకృతివలన ప్రతిమానవునకు ప్రపంచమున సగటున సంవత్సరమునకు 2.4 మిల్లీసీవర్టులు కలుగుచునే యున్నవి. కావున చిత్రమునకు భయపడ నక్కఱలేదు. ఐతే ఛాతీ సి.టి. పరీక్షకు దానికంటె పదులరెట్లు కిరణము వలయును. "పెద్ద పరీక్ష వ్రాయుడు" అని వైద్యుని నిర్బంధించు వాడుకను మనము మానవలయును. అట్లే స్కానింగుగదిలో గర్భస్థశిశువు ఆడయో మగయో తెలుపుమని 1994 నాటి చట్టము నిషేధించిన ప్రశ్న మన కులస్థుల నోట వినబడరాదు.

మన బిడ్డలకు ఈ విద్య తగినదని మా దృఢవిశ్వాసము. ఇంటర్మీడియటున సైన్సు చదివినపిదప రేడియాలజీ చిత్రవిద్యలో డిప్లొమాయు, బి.యస్సీ. పట్టమును కలవు. 2021 నాటి చట్టము ఇట్టి యారోగ్యవృత్తుల కన్నింటికి జాతీయ కమీషను నేర్పఱచి, విద్యకును నమోదునకును ప్రమాణములు విధింప సంకల్పించినది. చదువులేక గదిలో చేరి చూచి నేర్చుకొను కాలము గతించినది. ఆడపిల్లలు ఈ విద్యయందు చేరుట మఱింత యవసరము. స్త్రీరోగులకు అది యెంతటి యూఱటయో వేఱుగ చెప్పనక్కఱలేదు. సంఘ విద్యార్థి వేతనములలో రెండైనను ఈ విద్యకై ప్రత్యేకింపుడని పోషకులను వేడుచున్నాము.

పరిశోధనవిషయము. ఆళ్లగడ్డలో ఒక్కొక్క పాకవారీగా పట్టికను వ్రాయుట మన సంఘము చేయదగిన పని: ఎవరు, ఎన్నేండ్లు, ఏ రాయి, తడిపి కోయుదురా, పొడిగా కోయుదురా, చుట్ట బీడీల యలవాటు, పూర్వము క్షయ వచ్చెనా. ఈ పట్టికతో నంద్యాల వైద్యకళాశాలల నాశ్రయించినయెడల, వారి నైతికసమితి యనుమతితో, శిల్పి యిష్టపూర్వకమైన సమ్మతితో, చిత్రములు తీసి, ఇద్దఱు వైద్యులు ఒకరి మాట నొకరెఱుగక చదువవచ్చును. ఒక్కటిమాత్రము మఱవరాదు. ఫలితము మొదట శిల్పికే తెలియవలయును. అది పాకయజమానికి తెలిసి పని పోవునేమో, ఊరికి తెలిసి కూతురి పెండ్లి చెడునేమో యను భయము న్యాయమైనది. రహస్యము దాచలేని పరిశోధనకు శిల్పి రాడు; రాకుండుటయే మంచిది.

చివరకు పొదుపును గూర్చి. పాత ఎక్స్‌రే ఫిల్ములో వెండి కలదని మన స్వర్ణకారులకు తెలియనిది కాదు. ఆ ఫిల్ములను కాల్చియు, రసాయనములలో కడిగియు వెండి తీయువారున్నారు. ఆ నీరు కాలువలో పోసినయెడల నేలకును నీటికిని చెఱుపు. అనుమతి పొందిన కేంద్రముల ద్వారానే ఆ పని జరుగవలయును. ఇక శిల్పి యింటనున్న పాతఫిల్మును ఎన్నటికిని అమ్మరాదు. ఐదేండ్లనాటి చిత్రమును నేటిదానితో పోల్చిననే వ్యాధి ముదిరినదో లేదో తెలియును. అందులోని వెండి స్వల్పము. అందులోని సాక్ష్యము అమూల్యము. నేటి డిజిటల్ యంత్రములకు ఫిల్మును రసాయనములును వలదు. కాని విద్యుత్తు వలయును. స్విట్జర్లండులోని బాసెల్ నగరపు ఆసుపత్రిలో జరిపి 2020లో ప్రకటించిన పరిశోధనలో, సి.టి. యంత్రములు వినియోగించు విద్యుత్తులో సుమారు మూడింట రెండువంతులు రోగి లేనపుడే ఖర్చగుచున్నదని తేలినది. పొయ్యి యార్పక నిద్రించు స్వర్ణకారుని మనము మెచ్చుకొందుమా? యంత్రవిద్య నేర్చు మన బాలురకు ఆర్పదగినపు డార్పుటయు వృత్తిధర్మమేయని బోధింపవలయును.

మా విన్నపములు నాలుగు. రాతిపనిలో చేరు ప్రతి బాలునకు మొదటనే యొక ఛాతీచిత్రము, పిదప వైద్యుడు చెప్పిన గడువున మఱియొకటి తీయించుట. ప్రతి పాకలో కోతచక్రమునకు నీటిధార యేర్పఱచి, చేతిగుడ్డకు బదులు యెన్-95 తొడుగు నిచ్చుట. పట్టికను వ్రాయుటకు ఆళ్లగడ్డలో నొక యుపసంఘము నియమించుట. చిత్రవిద్యకు రెండు వేతనములు ప్రత్యేకించుట. వీనిలో నీటిధారయే యన్నింటికంటె చౌక. అన్నింటికంటె ముందు చేయదగినదియు నదియే. చిత్రము వ్యాధిని చూపగలదు; ధూళిని అణచునది నీరే.

 ఈ తీర్మానములు కాగితముపై నిలువక, వచ్చు మహాసభనాటికి ఆళ్లగడ్డ పాకలలో కానవచ్చునుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.